స్నేహశీలి

జాక్సన్‌కి కోటు తొడగడానికి శుభాకర్‌కి పొద్దున్నంతా పట్టింది. దొరికిన ఫొటో ఒక్కటే. ఎవరి పెళ్ళిలోనో భోజనాల వరసలో తీసింది. గళ్ళ చొక్కాతో విస్తరి మీదికి వంగినవాడు, ఎవరో పిలిస్తే తలెత్తి చూసిన మొహం. ఆ మొహాన్ని మెడ దగ్గర కత్తిరించి, కంప్యూటర్‌లో ఎప్పటినుంచో ఉన్న నల్లకోటు మీద కూర్చోబెట్టాలి. జాక్సన్ మెడ సన్నం, కోటు కాలరు వెడల్పు. ఎంత జరిపినా తల బావిలోంచి పైకి వస్తున్నట్టుంది. శుభాకర్ కోటు భుజాలు కాస్త దగ్గరకి నొక్కి, టై ముడి పైకి లాగి, చెంప మీద పడిన పెళ్ళిపందిరి ఎర్రరంగుని తుడిచాడు.

"ఈ ఎండకి సచ్చినోడికి కోటెందుకు బావా?" అన్నాడు దొరబాబు. ఫ్లెక్సు మిషనుకి తెల్ల రోలు ఎక్కిస్తున్నాడతను.

"ఆ మాట అనకూడదన్నానా? ప్రభువునందు నిద్రించాడు అనాలి."

"నిద్దరోయినోడికైతే మరీ ఉక్క గదా."

శుభాకర్ నవ్వలేదు. జాక్సన్ పోయి వారం కాలేదు. మల్కాపురం కొండవాలు వీధిలో ఇద్దరూ కలిసి గోళీలాడినవాళ్ళు. తర్వాత ఒకడు పోర్టులో కళాసీగా ఓడల సరుకుకి తాళ్ళు కట్టడానికి పోయాడు. రెండోవాడు మెయిన్ రోడ్డు మీద ఈ షాపు పెట్టుకున్నాడు. శనివారం సాయంత్రం చర్చిలో జాక్సన్ ఆదరణ కూడిక. వెనక గోడకి ఈ ఫ్లెక్సు కడతారు. పాటలు, వాక్యం అయ్యాక పోయినవాడి జీవిత చరిత్ర ఒక పేజీ చదువుతారు. ఆ పేజీ రాసేదీ చదివేదీ, జనానికి గుర్తున్నంత కాలంగా, శుభాకరే.

అది ఎవరంటే వాళ్ళు రాసేది కాదని అతని నమ్మకం. చనిపోయిన మనిషిని గురించి అబద్ధం చెప్పకూడదు. ఆ కుటుంబం ముందు వరసలో కూర్చుని ఉండగా నిజమూ చెప్పకూడదు. ఆ రెంటికీ నడుమ ఉన్న సన్నని గట్టు మీద నడిచే మాటలు కావాలి. పైసా రాల్చనివాణ్ణి 'మితవ్యయపరుడు' అన్నాడు. వీధిలో అందరితో తగువులు పెట్టుకున్నవాణ్ణి 'ముక్కుసూటి మనిషి' అన్నాడు. కోడళ్ళని వేపుకు తిన్నావిడని 'కుటుంబ క్రమశిక్షణ ఎరిగిన తల్లి' అన్నాడు. క్రిస్మస్‌కి తప్ప చర్చి గడప తొక్కనివాడు అతని చేతిలో 'ఏకాంత ప్రార్థనాపరుడు' అయ్యాడు. చదువుతూ తలెత్తినప్పుడు బెంచీల్లో చిన్న చిరునవ్వులు కనపడేవి. ఒకరిద్దరు పక్కవాళ్ళని మోచేత్తో తట్టేవారు. ఆ చిరునవ్వులు ఇంటికెళ్ళాక కూడా అతని వెంటే ఉండేవి. ఎన్ని ఫ్లెక్సులు కొట్టినా ఎవరూ బాగుందనరు. ఈ ఒక్క పేజీకే మనుషులు అలా చూసేది.

జాక్సన్ పేజీ సమాధుల తోట నుంచి నడిచి వస్తూనే మొదలుపెట్టాడు. మొదటి వాక్యం కుదిరింది కూడా: 'అలలతో పాటు లేచి, అలలతో పాటు అలసిన మనిషి.' ఇంకా ఎవరికీ వినిపించలేదు.

షాపు ముందు బైకు ఆగింది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని కెన్నీ లోపలికొచ్చాడు. అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీలో హెచ్.ఆర్. ఉద్యోగం. దువ్వాడ నుంచి ఈ చర్చికి వచ్చి రెండేళ్ళు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు, మొహంలో ఎప్పుడూ అప్పుడే కడుక్కున్నట్టుండే తేట.

"ప్రెయిజ్ ద లార్డ్ అంకుల్. ఫొటో చూపించండి. వావ్, చాలా ప్రొఫెషనల్‌గా వచ్చింది." వంగి చూశాడు. "పైన ఆదరణ కూడిక అని కాకుండా 'సెలబ్రేషన్ ఆఫ్ లైఫ్' అని పెడదామా? ఆదరణ అంటే కొంచెం లో ఎనర్జీగా ఉంటుంది."

"ఆదరణ కూడికే ఉంటుంది" అన్నాడు శుభాకర్.

"ష్యూర్ అంకుల్, మీరు సీనియర్. లైఫ్ స్కెచ్ రేపో ఎల్లుండో వాట్సాప్ చేస్తా. మీరు టైప్ సెట్ చేసి కాపీలు తీసేస్తే చాలు."

మౌస్ మీద శుభాకర్ చెయ్యి ఆగింది. "ఏ స్కెచ్?"

"జాక్సన్ అంకుల్‌ది. రత్నమణి ఆంటీ నన్నే రాసి చదవమన్నారు. మీకు చెప్పలేదా?" జాక్సన్ భార్య ఆ సంగతి ఇతనికి చెప్పలేదని తెలిసి కెన్నీ మొహంలో నిజంగానే ఇబ్బంది కనిపించింది. "మీకు వర్క్‌లోడ్ ఎక్కువని అనుకుని ఉంటారంకుల్."

"అవునవును" అన్నాడు శుభాకర్. "పని ఎక్కువే."

బైకు వెళ్ళిపోయింది. షాపులో ఉన్న పని జాక్సన్ కోటు ఒక్కటే. శుభాకర్ ఆ కోటు కాలరుని ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చున్నాడు.

*

మర్నాడు ఫ్లెక్సుకి గోడ కొలతలు తీసుకోడానికి చర్చికి వెళ్ళాడు. కాసులమ్మ బెంచీల కింద ఊడుస్తోంది. శుభాకర్ టేపు ఒక కొసని మేకుకి తగిలించి, రెండో కొస పట్టుకుని గోడ వెంబడి నడిచాడు.

"నన్నిప్పుడేటంతన్నారో తెల్సా బాబూ?" చీపురు నడుముకి ఆనించుకుని అంది కాసులమ్మ. "ఫెసిలిటీ మినిస్ట్రీ. కెన్నీ బాబు ఎట్టేడు. మా ఈదిలో సెప్తే అందరూ నోరెల్లబెట్టీసినారు."

కెన్నీ పేరు వినగానే శుభాకర్ చేతిలో టేపు జారి చప్పుడుగా డబ్బాలోకి దూరిపోయింది. "నేను సావనీర్‌లో 'ఆలయ సేవకురాలు' అని వేశాను కదా కాసులమ్మా. అది బాగాలేదా?"

"బాగానే ఉంది బాబూ. అయితే సేవకురాలంటే ఊడ్సేదని అందరికీ తెలిసిపోద్ది. ఇదైతే ఏటో ఎవులికీ తెల్దు. అడుగుతారు. అడిగితే నాను సెప్పను." చీపురు విదిలించి మళ్ళీ వంగింది. "సీపురు మాత్రం ఆ సీపురే."

శుభాకర్ గోడని మళ్ళీ మొదటినుంచి కొలిచాడు. ముసలివాళ్ళ కూడిక ఈ ఏడు 'సీనియర్ సెయింట్స్ ఫెలోషిప్' అయింది. కానుకల వేళ 'గివింగ్ మొమెంట్' అయింది. క్వయిరులో శ్రుతి కలవని ఒకావిడని బయటికి పంపకుండా 'ప్రేయర్ సపోర్ట్'లోకి మార్చారు. ఆవిడ సంతోషంగా వెళ్ళి కూర్చుంది. ఇవన్నీ చూసి శుభాకర్ ఇన్నాళ్ళూ లోపల నవ్వుకున్నాడు. మాటకి ఎముక ఉండాలి, ఈ కుర్రాడివన్నీ గాలి నింపిన బుడగలు అనుకున్నాడు. ఈరోజు నవ్వు రాలేదు. ఆ బుడగలు పట్టుకుని కెన్నీ జాక్సన్ ఇంటి లోపలికి నడిచి వెళ్ళిపోయాడు. తను గోడ కొలుస్తున్నాడు.

సాయంత్రం ఇంటిదగ్గర అతని భార్య కేథరిన్ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కానాగంతలు కడుగుతోంది. శుభాకర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"రత్నమణి ఆ కెన్నీని రాయమందట."

"రాయనీ." కేథరిన్ చేప మొప్పలోకి వేలు పోనిచ్చి ఎర్రని పీచుని బయటికి లాగింది.

"జాక్సన్ నా ఫ్రెండు. వాడికి కళాసీ అంటే ఏంటో తెలుసా? తాడు ముడి ఎలా వేస్తారో తెలుసా?"

"నీకు తెల్సేటి?"

"నాకు జాక్సన్ తెలుసు."

"మరెల్లి రత్నమణినడుగు. నన్నడిగితే నానేటి సెప్తాను?" అని ఆవిడ తలెత్తకుండానే కుండలో నీళ్ళు వంపింది. ఆవిడకి ఏదో తెలుసనిపించింది శుభాకర్‌కి. కాని ఆ ఏదో కెన్నీ వైపు మొగ్గేదే అయి ఉంటుందన్న అనుమానంతో అడగలేదు.

*

శుక్రవారం కెన్నీ పేజీ ఫోన్లోకి వచ్చింది. శుభాకర్ కళ్ళజోడు పెట్టుకుని, దొరబాబుకి వినపడేలా చదివాడు.

"'శ్రీ జాక్సన్ గారు మెరైన్ రంగంలో మెటీరియల్ హ్యాండ్లింగ్ అసోసియేట్‌గా తమ జర్నీ ప్రారంభించారు.'"

"ఎవుడు బావా అది?"

"జాక్సనే. కళాసీ అన్నమాట. విను. 'సంస్థాగత రీస్ట్రక్చరింగ్ సందర్భంలో ఒక కెరీర్ బ్రేక్‌ను స్వీకరించారు.'"

"అదేటి?"

"పనిలోంచి తీసేశారు."

దొరబాబు మిషనాపి మరీ నవ్వాడు. "తీసీసినదాన్ని స్వీకరించేడా! సన్మానమేటి?"

"'అనంతరం హోమ్ బేస్డ్ రోల్‌లో కుటుంబానికి సపోర్ట్ సిస్టమ్‌గా నిలిచారు.'"

"ఇంటికాడ కూకున్నాడు."

"అదే. 'చివరి దశలో ఎదురైన వెల్‌నెస్ ఛాలెంజ్‌ను పాజిటివ్ మైండ్‌సెట్‌తో ఫేస్ చేశారు.'"

"లివర్ పోయింది" అన్నాడు దొరబాబు, ఇంకా నవ్వుతూనే. తర్వాత ఆ మాట తనకే వినపడినట్టు ఆగి, మిషను వైపు తిరిగాడు.

శుభాకర్‌కి ఈ మూడు రోజుల్లో మొదటిసారి ప్రాణం హాయిగా ఉంది. ఒక్కొక్క మాటనీ టైపు చేస్తూ, శనివారం సాయంత్రం బెంచీల్లో మొహాలు ఎలా ఖాళీగా ఉంటాయో ఊహించుకున్నాడు. ఒక్క చిరునవ్వుండదు. అప్పుడు తెలుస్తుంది. ఆఖరి పేరాకి వచ్చాడు. 'వీటన్నిటికీ మించి, ఆయన స్నేహశీలి.'

వేళ్ళు ఆగిపోయాయి.

ఆ మాట తనది. చర్చిలో అంతకు ముందు ఎవరూ వాడలేదు. పోర్టులో ఓడలాగే బెర్తు దగ్గర పడిపోయిన పాత క్రేను డ్రైవరుకి మొదట వాడాడు. తర్వాత మరికొందరికి. సీసా వదలని మనుషుల కోసం, ఎంతో వెతికి, సీసా చుట్టూ చేరే నలుగురిని తలచుకుని పట్టుకున్న మాట. అది చదివినప్పుడే ఎక్కువమంది నవ్వేవాళ్ళు. బుడగలన్నీ ఊది, చివర్న తన ఇంట్లోంచి ఒక ఇటుక ఎత్తుకుపోయి పైన పెట్టుకున్నాడు ఈ కుర్రాడు.

నమూనా కాపీ ఒకటి తీసి, ఫొటో ప్రింటుతో కలిపి కవర్లో పెట్టాడు. "రత్నమణికి చూపించి వస్తా. ఫొటో ఓకే చెయ్యాలి కదా" అన్నాడు దొరబాబుతో. ఫొటో వాట్సాప్‌లో పంపితే చాలని ఇద్దరికీ తెలుసు. అతని ఆలోచన వేరు. ఈ పేజీ ఆవిడకి పైకి చదివి వినిపించాలి. వింటే ఆవిడకే తెలుస్తుంది. 'ఇదేటన్నయ్యా, నాకొక్క ముక్క అర్థం కాలేదు, మీరే రాయండి' అంటుంది. ఆ మాట ఆవిడ నోటివెంట రావాలి.

జాక్సన్ ఇల్లు కొండవాలు మీద, మెట్ల వీధి చివర. గుమ్మంలో నిలబడితే పోర్టు క్రేన్లు కనపడతాయి. రత్నమణి వరండాలో చేట ముందేసుకుని రేపటి భోజనాలకి బియ్యం ఏరుతోంది. అతన్ని చూసి కొంగు సర్దుకుని లేవబోయింది.

"కూర్చో అమ్మా. ఫొటో చూపిద్దామని వచ్చాను."

ఆవిడ ఫొటో రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. "కోటేసేరా?"

"వద్దంటే తీసేస్తాను."

"ఉండనియ్యండి అన్నయ్యా. బాగున్నాడు. ఎవులో ఆఫీసరులా ఉన్నాడు." ఫొటోని పక్కనున్న ముక్కాలి పీట మీద, చేట దుమ్ము పడకుండా ఆనించి పెట్టింది.

శుభాకర్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "కెన్నీ రాసింది కూడా తెచ్చాను. ఒకసారి వింటే మంచిది. రేపు అందరి ముందూ చదివేది కదా."

అతను నిదానంగా చదివాడు. ఇంగ్లీషు మాటల దగ్గర ఇంకా నిదానించి, ఒక్కొక్కదాని ముందూ చిన్న ఖాళీ వదిలి చదివాడు. ఆవిడ బియ్యంలో వేళ్ళాడిస్తూ వింటోంది. రాయి దొరికినప్పుడల్లా తీసి మెట్టు కిందికి విసురుతోంది. మెటీరియల్ హ్యాండ్లింగ్ అసోసియేట్ దగ్గర తలూపింది. కెరీర్ బ్రేక్ దగ్గర తలూపింది. వెల్‌నెస్ ఛాలెంజ్ దగ్గర కళ్ళు తుడుచుకుని, "బాగా రాసేడు" అంది.

శుభాకర్ కాగితం దించాడు. "అర్థమైందా అమ్మా?"

"నేదు."

అతను ఆఖరి వాక్యం చదివాడు. రత్నమణి వేళ్ళు బియ్యంలోనే ఆగిపోయాయి. ఆవిడ తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని అలా సూటిగా చూడటం అదే మొదలు.

"ఆ మాట మీరెట్టేరా?"

"లేదు. కెన్నీయే పెట్టాడు. నా మాటే. నా దగ్గర తీసుకున్నాడు."

"తీసీయండి అన్నయ్యా. మీ కాళ్ళు పట్టుకుంతాను, ఆ మాటొద్దు."

"ఎందుకమ్మా? మంచి మాటే కదా. అందులో తప్పేముంది?"

ఆవిడ చేట పక్కకి జరిపింది. కింద వీధిలో ఎవరో బిందె దింపిన చప్పుడైంది.

"మీరు ఏరేగా అనుకోకండి" అంది చివరికి. "మన చర్చిలో స్నేహశీలి అంటే తాగుబోతని సంటిపిల్లలికీ తెల్సు. మొన్న మా పక్కింటి పిల్ల వాళ్ళ బాబాయిని 'ఈరోజు స్నేహశీలి అయిపోయి వచ్చీసినాడు' అంటంది. ముక్కుసూటి మనిషంటే ఎవులో, మితవ్యయం అంటే ఏటో అందరికీ తెల్సు. మీరు సదవడానికి లేత్తే సాలు, ఎనకబెంచీలోళ్ళు ఇప్పుడేటంటారో, ఇప్పుడేటంటారో అని సూత్తంటారు. అన్నాక నవ్వుతారు. నానూ నవ్వేను అన్నయ్యా. వేరేవోళ్ళకైతే నానూ నవ్వేను."

శుభాకర్ చేతిలో కాగితం అంచు మడతపడింది. అతను దాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేశాడు.

"జాక్సన్ తాగేవోడని తెల్నివోళ్ళున్నారేటి?" రత్నమణి గొంతు పెద్దది చెయ్యలేదు. "నాలుగుసార్లు మెట్ల మీంచి ఎత్తుకొచ్చినోళ్ళే రేపు ముందు బెంచీలో కూకుంటారు. తెలిసింది తెలిసినట్టు ఊరుకుంటారు. అదే మీరు సదివితే నవ్వుతారు. ఆ ఒక్కపూట ఆయన్ని సూసి ఎవులూ నవ్వకూడదని కెన్నీ బాబుని అడిగేను. ఆ బాబు మాటలు ఎవులికీ తెల్దు. తెల్నిదానికి నవ్వలేరు గదా."

శుభాకర్ ఫొటో వైపు చూశాడు. కోటులో ఉన్న జాక్సన్ ఎవరో పిలిస్తే విన్నట్టు చూస్తున్నాడు.

"నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"ఎలా సెప్తాం? మీరంత ఇదిగా సదువుతుంటే."

అతను జేబులోంచి పెన్ను తీసి ఆ మాటని కొట్టేశాడు. ఒక గీత సరిపోదన్నట్టు మరో గీత గీశాడు. 'వీటన్నిటికీ మించి, ఆయన' అని, ఆ తర్వాత ఖాళీ.

"ఇక్కడేం పెట్టమంటావు?" అన్నాడు. అడిగాక గమనించాడు. ఎవరి పేజీ రాసినప్పుడూ ఆ ఇంటివాళ్ళని ఈ ప్రశ్న అడగలేదు. పుట్టిన తేదీ, పిల్లల పేర్లు అడిగేవాడు. మిగతా మాటలు తన దగ్గర తయారుగా ఉండేవి.

రత్నమణి కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఏటుంది ఎట్టడానికి. తాగేడు, పడ్డాడు. ఒకసారి నాను బాత్రూములో జారి సెయ్యి ఇరగ్గొట్టుకున్నాను, గుర్తుందా మీకు? పిండికట్టేసేరు. కట్టు ఇప్పేదాకా రోజూ ఆయనే నాకు జడేసేవోడు. తాళ్ళు ముడేసే సెయ్యి గదా, తలనొప్పొచ్చేలా బిగించీసేవోడు. వదులు సెయ్యయ్యా అంటే, ఓడ కదిలినా ఊడకూడదు అనేవోడు." ఆవిడ నవ్వబోయింది. నవ్వు సగంలో పాడైంది. "తాగొచ్చిన రోజు కూడా జడ ఏసీసే పడుకునేవోడు. అలాంటివి రాత్తారేటి?"

శుభాకర్ కాగితం మడిచి లేచాడు. పెన్ను మూత పెట్టడం మరచిపోయి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి కేథరిన్ దండెం మీద బట్టలు తీస్తోంది.

"నీకూ తెలుసా?" అన్నాడు.

ఆవిడ ఏమిటని అడగలేదు. చీర మడత గడ్డం కింద నొక్కిపెట్టి, "తెల్సు" అంది.

"నువ్వూ నవ్వేదానివా?"

"నాను పాట పుస్తకంలోకి సూసీదాన్ని."

*

శనివారం పొద్దున్న షాపులో శుభాకర్ కెన్నీ పేజీ తెరిచి కూర్చున్నాడు. కర్సరు ఆఖరి వాక్యంలో కొట్టుకుంటోంది. స్నేహశీలి ఇంకా అక్కడే ఉంది.

అది అలాగే ఉంటే ఏమవుతుందో అతను చూడగలడు. కెన్నీ ఇస్త్రీ చొక్కాతో లేస్తాడు. ఎవరికీ తెలియని మాటలు నున్నగా చదువుకుంటూ పోయి చివర్న దీనిమీద కాలు వేస్తాడు. వెనక బెంచీల్లోంచి నవ్వు లేస్తుంది. ఆ కుర్రాడికి ఎందుకో తెలియదు. ఎర్రబడి, కాగితంలోకి చూస్తాడు. ఆ మొహం తలచుకుంటే శుభాకర్‌కి కడుపులో వెచ్చగా ఏదో కదిలింది. కావాలని చెయ్యనక్కర్లేదు కూడా. మరిచిపోతే చాలు.

తర్వాత ఆ ఊహలోనే ముందు వరసలో రత్నమణి తెల్లచీర కనిపించింది. ఆ వెచ్చదనం పోలేదు. దాన్ని అలాగే ఉండనిచ్చి, మాటని చెరిపేశాడు.

ఖాళీలో జడ వాక్యం టైపు చెయ్యడానికి ఇంకాస్త కష్టమైంది. అది తనకి దొరికింది. లేచి రెండు మాటలు చెప్పడానికి సంఘంలో ఎవరికైనా హక్కుంది. ఆ వాక్యం తనే చెప్పుకోవచ్చు. చర్చి చర్చంతా నిశ్శబ్దమవుతుంది. అప్పుడు చిరునవ్వులుండవు. అంతకన్నా పెద్దదే ఉంటుంది. శుభాకర్ ఆ నిశ్శబ్దాన్ని ఒకసారి మనసులో పూర్తిగా విన్నాడు. 'మీరు రాయండి' అని రత్నమణి అనలేదు. 'మీరు చెప్పండి' అనీ అనలేదు.

టైపు చేశాడు. ఒక్క విశేషణం చేర్చలేదు. చెయ్యి అలవాటుకొద్దీ 'అనురాగమూర్తి' దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. కెన్నీకి ఫోన్ చేసి, "చివర ఒక మాట తీసేసి ఒక విషయం చేర్చాను, రత్నమణి చెప్పింది" అన్నాడు.

"ష్యూర్ అంకుల్, మీ ఇన్‌పుట్ ఎప్పుడూ వాల్యూ యాడే" అన్నాడు కెన్నీ.

సాయంత్రం చర్చి నిండింది. శుభాకర్ ముందు వరస వదిలి, దొరబాబు పక్కన గోడవైపు బెంచీ చివర కూర్చున్నాడు. పాట అయింది. వాక్యం అయింది. కెన్నీ లేచాడు. వెనక బెంచీల్లో కొందరు మెడలు చాచి శుభాకర్ కోసం వెతకడం అతనికి కనిపించింది. ఇన్నేళ్ళూ ఆ చూపుల్ని ఏమనుకున్నాడో గుర్తొచ్చి, చెవులు కాలాయి.

అసోసియేట్ వెళ్ళింది. రీస్ట్రక్చరింగ్ వెళ్ళింది. జనం టైము చూసుకోకుండా, నవ్వకుండా, వానలో ఆగిన బస్సులో కూర్చున్నట్టు మర్యాదగా కూర్చున్నారు. రత్నమణి తలెత్తి కూర్చుంది. వెల్‌నెస్ ఛాలెంజ్ దగ్గర ఎవరో "ఆమేన్" అన్నారు.

"వీటన్నిటికీ మించి..." కెన్నీ ఒక్క క్షణం ఆగాడు. ఆ వాక్యం అతని నోటికి అలవాటు లేదు. అందువల్ల నెమ్మదిగా, ఒక్కొక్క మాటా చూసుకుంటూ చదివాడు. "ఆయన భార్య చెయ్యి విరిగినప్పుడు, కట్టు విప్పేదాకా ప్రతిరోజూ ఆమెకి జడ వేశారు. తాగి వచ్చిన రోజు కూడా జడ వేసే పడుకున్నారు. ఓడ తాడులా బిగించి వేసేవారు."

'తాగి' అన్న మాట ఆ గోడల మధ్య, అలాంటి పేజీలోంచి, ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీలో జాక్సన్‌ని మెట్ల మీంచి ఎత్తుకొచ్చినవాళ్ళలో ఒకడు తల వంచి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. రత్నమణి చెయ్యి వెనక్కి వెళ్ళి, ముడి కింద మెడని ఒకసారి తాకి, ఒళ్ళోకి వచ్చింది.

కూడిక అయ్యాక జనం కెన్నీ చుట్టూ చేరారు. "ఆ జడ సంగతి ఎంత బాగా రాసేవు నాయినా" అంటున్నారు. కాసులమ్మ అతని చెంపలు నిమిరి మెటికలు విరిచింది. "నాను పోతే నువ్వే రాయాలి బాబూ" అంది. శుభాకర్ స్టూలు మీద నిలబడి ఫ్లెక్సు తాళ్ళు విప్పుతున్నాడు. ఆ మాటలన్నీ ఒక్కటీ పోకుండా వినపడుతున్నాయి. ఒక ముడి విప్పలేక పళ్ళతో లాగాడు.

కాసేపటికి కెన్నీ వచ్చి ఫ్లెక్సు కింది అంచు పట్టుకున్నాడు.

"అంకుల్, అందరూ నేనే రాశాననుకుంటున్నారు. అది మీదని చెప్పనా?"

"నాది కాదు. రత్నమణిది."

ఇద్దరూ ఫ్లెక్సుని నేల మీదికి దించారు. కెన్నీ వెళ్ళిపోలేదు. "ఒకటడగనా? నేను మీ మాటొకటి పెట్టాను. స్నేహశీలి. మీ పాత స్కెచ్‌లన్నీ మా అత్తగారి దగ్గర ఉంటే చదివాను. ఎక్కువసార్లు వాడారు కదా, మీకిష్టమైన మాట అనుకున్నా. రెస్పెక్ట్‌గా ఉంటుందని పెట్టాను. ఎందుకు తీసేశారు? నేను వాడకూడదా?"

అతను నిజంగానే అడుగుతున్నాడు. శుభాకర్ నోటిదాకా చాలా మాటలు వచ్చాయి. సందర్భోచితం కాదు. శైలి కలవలేదు. పునరుక్తి. అన్నీ మెత్తగానే ఉన్నాయి. దేన్ని చెప్పినా ఈ కుర్రాడు నమ్మి, తలూపి వెళ్ళిపోతాడు. వచ్చే కూడికలో ఇంకెవరికో ఆ మాట వాడతాడు.

"నవ్వుతారు కెన్నీ" అన్నాడు శుభాకర్. "ఆ మాట అంటే తాగుబోతని ఇక్కడ అందరికీ తెలుసు. అదొక్కటే కాదు. నేను రాసిన మాటలన్నిటికీ నవ్వుతారు. ఇన్నేళ్ళూ నవ్వారు. నేను మెచ్చుకుంటున్నారనుకున్నాను. నిన్ననే తెలిసింది. అందుకే నిన్ను రాయమన్నారు."

చెప్పడం అయిపోయింది. చర్చి ఖాళీ అయింది. బయట దొరబాబు ఆటో మాట్లాడుతున్నాడు. కెన్నీ మొహంలో ఎప్పుడూ ఉండే తేట పోయి, ఏం చెయ్యాలో తెలియని ఒక మామూలు కుర్రాడి మొహం బయటపడింది. మెడలో లేని కార్డు కోసం చెయ్యి చొక్కా మీద తడుముకుంది.

"అలా తీసుకోకండి అంకుల్" అన్నాడు చివరికి. "దాన్ని నవ్వడం అనుకోకండి. అది... ఎలా చెప్పాలి... కమ్యూనిటీ ఫీడ్‌బ్యాక్ అనుకోండి."

ఈ కుర్రాడి నోటివెంట ఇలాంటివి ఎన్ని రాలితే అన్నీ ఏరుకుని, శుభాకర్ దొరబాబుకి మోసుకెళ్ళేవాడు. ఇది వాటన్నిటిలోకీ పెద్దది. అతను దాన్ని కాసేపు చూసుకున్నాడు. దాని అర్థం సరిగా తెలియదు. తెలియనందుకేనేమో, గుచ్చుకోలేదు. అడగాలనిపించలేదు.

"ఏంటన్నావు?"

"కమ్యూనిటీ ఫీడ్‌బ్యాక్ అంకుల్."

"ఊఁ" అన్నాడు శుభాకర్. కాస్త ఆగి, "ఇంకోసారి అను" అన్నాడు.